రేవు దగ్గర మన తవక్కుల్

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



బడులకు సెలవులు ఇచ్చారంటే చాలు, నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లోని మన ఇళ్లల్లో పిల్లల నోట ఒకటే మాట వినిపిస్తుంది: "అబ్బా, ఈసారైనా సాగర్ తీసుకెళ్తారా? లాంచీ ఎక్కిస్తారా?" విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి, కృష్ణమ్మ నీళ్ల మీద ముప్పావు గంటో గంటో ప్రయాణించి నాగార్జునకొండ చేరడం మన పల్నాటి పిల్లలకు పెద్ద పండుగ. తండ్రి సెలవు చూసుకుంటాడు. తల్లి పరాఠాలు, కైమా కట్టడానికి డబ్బాలు వెతుకుతుంది. కారు మాట్లాడతారు. చుట్టాలకు ఫోన్లు వెళతాయి.

ఇంత ఏర్పాటులో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. రేవు దగ్గర నిలబడినప్పుడు, కాలు నేల వదిలి నీటి మీద పెట్టే ఆ క్షణంలో, మన ఇంటివారి ప్రాణాలకు జవాబుదారీ ఎవరు? ఈ నెల ఆ ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం.

విహారం ధర్మసమ్మతమేనా?

కొందరు పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు: "హజ్రత్, ఇలా తిరగడం వృథా కాదా?" వారి ఉద్దేశం మంచిదే. దుబారాకూ, నమాజులు పోగొట్టుకోవడానికీ భయపడి అడుగుతారు. కాని ఇస్లాం సంతోషాన్ని నిషేధించిన ధర్మం కాదు. భూమిలో సంచరించి, సృష్టి ఎలా మొదలయిందో చూడమని దివ్యఖుర్ఆన్ స్వయంగా పిలుపునిస్తోంది (అల్ అన్‌కబూత్: 20). దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. ఇది అబూ దావూద్ గ్రంథంలో ఉంది. హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) తన సోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి)కు, ప్రభువుకు హక్కున్నట్లే ఆలుబిడ్డలకూ మన మీద హక్కుంటుందని గుర్తుచేసినప్పుడు, ఆ మాట నిజమని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు (బుఖారీ).

కాబట్టి ఆలుబిడ్డల్ని సంతోషపెట్టే నియ్యత్‌తో, హలాల్ సంపాదనతో, హద్దుల్లో ఉండి చేసే విహారం కూడా పుణ్యకార్యమే అవుతుంది. అయితే కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఆపి, వడ్డీకి అప్పు తెచ్చి, పొరుగింట్లో పొయ్యి వెలగని సంగతి తెలిసి కూడా తెలియనట్లు తిరిగే తిరుగుడు వేరు. ఆ తేడా ప్రతి ఒక్కరి మనసుకూ తెలుసు. దాన్ని ఇక్కడితో వదిలి అసలు విషయానికి వద్దాం.

నావ ఒక దైవసూచన

భూమ్యాకాశాల సృష్టితోనూ, రేయింబవళ్ల మార్పుతోనూ పాటు, మనుషులకు ఉపయోగపడే సరుకులు మోసుకుంటూ సముద్రంలో సాగే నావను కూడా అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా లెక్కించాడు (అల్ బఖరా: 164). గుప్పెడు ఇసుక నీళ్లల్లో వేస్తే మునుగుతుంది. టన్నుల బరువున్న లాంచీ మాత్రం తేలుతుంది. ఆ నియమాన్ని నీటిలో పెట్టింది ఆయనే.

హజ్రత్ నూహ్ (అలై) వృత్తాంతాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. రక్షిస్తానని వాగ్దానం చేసిన ప్రభువు, ఆయన్ను నీళ్ల మీద నడిపించగలడు కదా! మరి ముందు ఓడ కట్టమని ఎందుకు ఆజ్ఞాపించాడు? జాతి జనం అపహాస్యం చేస్తున్నా ఆయన చెక్కలు, మేకులు పెట్టి ఓడ కడుతూనే ఉన్నారు. ఓడ పూర్తయి, ఎక్కవలసినవారు ఎక్కేటప్పుడు, దాని నడకా దాని ఆగుడూ అల్లాహ్ పేరుతోనే అని పలికారు (హూద్: 37–41). ముందు చెక్కలు, మేకులు. ఆ తర్వాత బిస్మిల్లాహ్. బిస్మిల్లాహ్ చెక్కలకు బదులుగా రాలేదు, చెక్కల మీదకు వచ్చింది. ఈ వరుసను గుర్తుంచుకోండి. మేము ఈ వరుసనే ఒకసారి మరిచిపోయాము.

ఒక నానీ మాకు నేర్పిన ఫిఖహ్

అది 2019 జూన్. రంజాన్ పండుగ అయిన మూడో నాడు. మేము అప్పటికి మదర్సా చదువు ముగించుకుని, సనద్ పుచ్చుకుని ఊరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మొహల్లాలోని మూడు కుటుంబాలు కలిసి కృష్ణ మీద ఒక రేవుకు వెళ్లాము. ఆ రేవు పేరు, పడవ నడిపే వారి పేరు ఇక్కడ అవసరం లేదు. ఎందుకంటే తప్పు వారిది ఎంతో, మాదీ అంతే.

ఇంజను పడవ ఒకటి సిద్ధంగా ఉంది. పెద్దలూ పిల్లలూ కలిపి మేము ఇరవై మందికి పైనే. లైఫ్ జాకెట్లు చూస్తే పన్నెండో పదమూడో ఉన్నాయి. వాటిలో రెండింటికి పట్టీలు తెగిపోయాయి. పిల్లల సైజువి ఒక్కటీ లేవు. "అటు ఒడ్డు కనిపిస్తూనే ఉంది కదండీ, రోజూ తిరిగేదే" అన్నాడు పడవ అతను. మాలో ఒక సోదరుడు నవ్వుతూ, "మౌల్వీ సాబ్ మనతోనే ఉన్నారు, దుఆ చదువుతారు, ఇంకేం భయం?" అన్నాడు.

ఆ మాట మాకు బాగానే అనిపించింది. దాచుకోవడం దేనికి? సంతోషించాము. మేము ముందుకు వెళ్లి చేతులెత్తి దుఆ మొదలుపెట్టబోయాము.

అప్పుడు వెనుక నుండి ఒక ముసలమ్మ గొంతు వినిపించింది. ఆమె భర్త పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసి పోయినవాడు. ఆమెకు ఖుర్ఆన్ చూసి చదవడం తప్ప మరో చదువు లేదు. మొహల్లాలో అందరికీ ఆమె నానీయే. ఆరేళ్ల మనవడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"బేటా, దుఆ తర్వాత చేద్దువు గాని, ముందు నా మనవడికి ఆ నారింజ చొక్కా ఏదీ?" అంది.

"చిన్నది లేదంట నానీ. అల్లాహ్ ఉన్నాడుగా. ఆయుష్షు ఎంత రాసి ఉంటే అంతే కదా" అన్నాము.

నానీ మా ముఖంలోకి చూసింది. "ఆయుష్షు రాసింది అల్లాహే బేటా. కాదన్నానా? కానీ రేపు హషర్‌లో ఆయన నన్ను అడిగేది ఆయుష్షు గురించి కాదు. పిల్లోణ్ణి నీ చేతికిచ్చాను, ఏం చేశావని అడుగుతాడు. ఏం చెప్పమంటావు? మౌల్వీ సాబ్ దుఆ చదివాడు కదా అని చెప్పనా?" అంది.

అని, రేవు మెట్టు మీద కూర్చుని మనవణ్ణి ఒళ్లో పెట్టుకుంది. ఇక లేవలేదు. ఆమె ఎక్కకపోతే ఆమె కోడలు ఎక్కనంది. కోడలు ఎక్కకపోతే మిగతా ఆడవాళ్లూ ఆగిపోయారు. పిల్లలు ఏడ్చారు. మగవాళ్లు విసుక్కున్నారు. మాకైతే నలుగురిలో చిన్నతనం అయినట్లనిపించింది. చివరకు ఎవరూ ఎక్కలేదు. ఒడ్డునే వేపచెట్టు కింద తెచ్చుకున్నది తిని, జుహర్ చదువుకుని, ఇంటికి వచ్చేశాము.

నిజం చెప్పాలంటే, ఆ పడవ ఆ రోజు క్షేమంగానే వెళ్లి వచ్చింది. ఏ ప్రమాదమూ జరగలేదు. దాంతో చాలా రోజులు నానీని అందరూ ఆటపట్టించారు. ఆమె ఏమీ అనేది కాదు.

మూడు నెలల తర్వాత, 2019 సెప్టెంబరు 15న, గోదావరిలో పాపికొండలు చూడబోయిన పర్యాటకుల బోటు దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద మునిగిపోయింది. నది వరదలో ఉంది. బోటులో డెబ్భై మందికి పైగా ఉన్నారు. వారిలో ఇరవై ఆరు మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఒంటి మీద ఉన్న లైఫ్ జాకెట్లూ, తమ పడవలేసుకుని ఎదురెళ్లిన ఒడ్డు గ్రామాల గిరిజనులూ వారిని కాపాడే సాధనాలయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, మన కృష్ణలోనే, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, అనుమతి లేని పడవ ఒకటి బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. సెలవు రోజున సరదాగా వచ్చిన మనుషులు వారు. మనలాంటి కుటుంబాలే.

ఆ సాయంత్రం నానీ మా ఇంటికి వచ్చింది. నేను చెప్పలేదా అనలేదు. "పాపం, వాళ్ల పిల్లల కోసం దుఆ చెయ్యి బేటా" అంది. అంతే. ఎనిమిదేళ్లు ఫిఖహ్ చదివిన మేము ఆ రోజు ఆమె ముందు తల దించుకున్నాము.

విధి వ్రాత మన నిర్లక్ష్యానికి ముసుగు కాదు

ఆయుష్షు రాసి ఉంటే అంతే కదా అని మేము ఆ రోజు అన్న మాట విశ్వాసంలా వినిపిస్తుంది. అది విశ్వాసం కాదు. విశ్వాసాన్ని అడ్డం పెట్టుకున్న బద్ధకం. దీనికి జవాబు మా సొంత మాటల్లో కాదు, హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో చూద్దాం.

ఆయన ఖలీఫాగా సిరియాకు బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని సేనాధిపతులు ఎదురొచ్చి చెప్పారు. ఆయన ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు, తర్వాత అన్సార్లను, తర్వాత ఖురైషు పెద్దలను. చివరకు వెనుదిరగాలని నిర్ణయించారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి), అల్లాహ్ రాసిన విధి నుండి పారిపోతున్నారా అని అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: అవును, అల్లాహ్ రాసిన ఒక విధి నుండి అల్లాహ్ రాసిన మరో విధి వైపే వెళ్తున్నాం. ఒంటెలను తీసుకుని లోయలో దిగావనుకో, ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు. ఏ పక్క మేపినా అది అల్లాహ్ విధే కదా! తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊరు వదిలి పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి వినిపించారు. హజ్రత్ ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు (బుఖారీ, ముస్లిం).

గమనించండి. పడవ ఎక్కడం విధి అయితే, రేవు నుండి వెనుదిరగడం కూడా విధే. జాకెట్టు లేకపోవడం విధి అయితే, దాన్ని అడిగి తీసుకుని తొడుక్కోవడమూ విధే. మంచి విధిని ఎంచుకునే బుద్ధిని అల్లాహ్ మనకిచ్చాడు.

ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భరోసా ఉంచాలా, లేక విడిచిపెట్టి భరోసా ఉంచాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టెయ్యి, ఆ తర్వాత భరోసా ఉంచు అన్న భావంలో దైవప్రవక్త (స) ఉపదేశించారు (తిర్మిజీ). పిట్టగోడ లేని మేడ మీద పడుకునేవాడు, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఓడ ఎక్కేవాడు ఆపదలో చిక్కుకుంటే, వారి రక్షణ బాధ్యత తొలగిపోతుందని కూడా హదీసులో ఉంది (అల్ అదబుల్ ముఫ్రద్). పద్నాలుగు వందల ఏళ్ల క్రితం అరబ్బు ఎడారిలో నోట వచ్చిన ఈ మాట, మన కృష్ణా గోదావరి రేవుల దగ్గర బోర్డు మీద రాయదగినంత సూటిగా ఉంది.

కొందరు ఇంకో మాట అంటారు: "నీట మునిగి చనిపోతే షహాదత్ కదా?" నిజమే, నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీద్ పుణ్యం లభిస్తుందని బుఖారీ హదీసులో ఉంది. అది అనుకోని ఆపదలో చనిపోయిన వారికి, వారి వెనుక మిగిలిన తల్లిదండ్రులకు, బిడ్డలకు అల్లాహ్ ఇచ్చిన ఓదార్పు. మనం అజాగ్రత్తగా ఉండటానికి ఇచ్చిన అనుమతి పత్రం కాదు. తమను తాము వినాశంలోకి నెట్టుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది (అల్ బఖరా: 195). ఆలుబిడ్డల్ని నరకాగ్ని నుండి కాపాడుకోమని ఆజ్ఞాపించిన ప్రభువు (అత్ తహ్రీమ్: 6), వారిని నీటిపాలు చేస్తే చూస్తూ ఊరుకుంటాడా?

కాఫిలాకు ఒక అమీర్

ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా ఎంచుకోమని హదీసు ఆదేశిస్తోంది (అబూ దావూద్). రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తున్నప్పుడు ఈ సున్నత్‌ను ఆచరించండి. అయితే అమీర్ అంటే డబ్బు లెక్కలు చూసేవాడు, గట్టిగా అరిచేవాడు మాత్రమే కాదు. అతని మొదటి బాధ్యత, అవసరమైతే "ఎక్కొద్దు, వెనక్కి పోదాం" అనగలగడం. పిల్లల ఏడుపుకూ, బావమరిది ఎగతాళికీ, ఖర్చయిన డబ్బుకూ లొంగని వాడే అమీర్‌గా తగినవాడు. హుదైబియా నాడు దైవప్రవక్త (స) సుమారు పద్నాలుగు వందల మంది సహచరులతో మక్కా సమీపానికి వెళ్లి, ఉమ్రా చేయకుండానే వెనుదిరిగారు. ఆ వెనుదిరగడాన్నే అల్లాహ్ స్పష్టమైన విజయం అన్నాడు (అల్ ఫతహ్: 1). ఆ రోజు సహచరులు దుఃఖంతో కదలకుండా ఉండిపోతే, దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) ఇచ్చిన సలహాను పాటించారు. ఇంటి ఆడవారి మాట వినడం సున్నత్. మేము ఆ సున్నత్‌ను నానీ దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాము.

మరొక సంగతి. హజ్రత్ ఉమర్ (రజి) ముస్లింల ప్రాణాలకు భయపడి సముద్ర దండయాత్రకు అనుమతి ఇవ్వలేదు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) అనుమతి ఇచ్చారు గాని, ఎవరినీ బలవంతపెట్టకూడదని షరతు పెట్టారు. ఆ ప్రయాణంలో హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) తన భర్త హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి)తో కలిసి తన ఇష్టంతోనే ఓడ ఎక్కారు. దైవప్రవక్త (స) చేత దుఆ చేయించుకుని మరీ ఎదురుచూసిన ప్రయాణం అది. ఆమె సమాధి నేటికీ సైప్రస్ దీవిలో లార్నకా దగ్గర ఉంది. ఇందులో మనకు పాఠం ఉంది. ఇష్టపడి ఎక్కే స్త్రీని ఆపవద్దు. నీళ్లంటే భయపడే దాదీని చెయ్యి పట్టి లాగవద్దు. ఆమెకు తోడుగా ఒకరిని ఒడ్డున ఉంచండి.

బయలుదేరే ముందు

సాగర్ ప్రయాణం అనుకునే కుటుంబాలకు అనుభవంతో కొన్ని మాటలు చెబుతున్నాము.

1. ఆ రోజు లాంచీ నడుస్తుందో లేదో ముందు రోజే కనుక్కోండి. నీటి మట్టం తగ్గినా, గాలి ఎక్కువైనా, వరద వచ్చినా లాంచీలు ఆపేస్తారు. 2019 ప్రమాదం తర్వాత రాష్ట్రమంతటా బోట్లు ఆపి, పర్యవేక్షణకు కంట్రోల్ రూములు పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. కాబట్టి ఆపేశామని వారు చెబితే బతిమాలకండి, సిఫారసులు వెతకకండి. మన మేలు కోసమే ఆపారు. లాంచీ లేదన్నారని పక్క రేవులో చేపల పడవ మాట్లాడుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

2. శుక్రవారం పెట్టుకోవద్దు. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పైగా అది జుమా రోజు. ఈ రెండూ కలిసి రావడం మనకు మంచిదే.

3. లైఫ్ జాకెట్టు ప్రతి ఒక్కరికీ ఉండాలి. పట్టీలు బిగించాలి. లాంచీ కదిలినప్పటి నుండి ఆగే వరకు తీయకూడదు. ఉక్కపోతని, ఫొటో బాగా రాదని, అన్నం తినేటప్పుడు అడ్డమని తీసేస్తారు. ఆపద ముందుగా కబురు పెట్టి రాదు. మన సోదరీమణులు బురఖా మీద జాకెట్టు వేసుకోవడానికి సిగ్గుపడతారు, పరాయివాడు పట్టీ బిగించడానికి వస్తే తప్పుకుంటారు. ఆ హయా మెచ్చదగినదే. కాని దానికి పరిష్కారం జాకెట్టు మానేయడం కాదు. భర్తో, అన్నదమ్ములో, మరో స్త్రీయో బిగించాలి. జాకెట్టు ఎప్పుడూ బురఖా పైనే ఉండాలి, లోపల కాదు. ఎక్కేటప్పుడు బురఖా అంచు కాలికి తగలకుండా పైకి పట్టుకోవాలి.

4. అందరూ ఒకే వైపుకు చేరకండి. వంతెన కనిపించిందని, పక్షి కనిపించిందని ఒక్కసారిగా లేచి ఒక పక్కకు పరిగెత్తితే ఎంత పెద్ద పడవైనా ఒరుగుతుంది. సరంగు మాట వినండి. పడవలో పై అంతస్తు వారు, కింది అంతస్తు వారు ఉండగా, కింది వారు నీళ్ల కోసం అడుగున రంధ్రం చేయబోతే, పైవారు ఆపకపోతే అందరూ మునుగుతారని దైవప్రవక్త (స) ఇచ్చిన ఉపమానం (బుఖారీ) మీకు తెలిసిందే. అది సమాజానికి చెప్పిన ఉపమానం. లాంచీలో మాత్రం అక్షరాలా నిజం.

5. ప్రయాణానికి ముందు అప్పులు, ఇతరుల అమానత్‌లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో చెప్పి వెళ్లండి. వసియ్యత్ చేయవలసింది ఏదైనా ఉన్నవాడు రెండు రాత్రులు కూడా దాన్ని రాయకుండా గడపకూడదని హదీసు (బుఖారీ, ముస్లిం). కొంత సదఖా ఇవ్వండి. మొహల్లాలో తండ్రి లేని పిల్లవాడెవరైనా ఉంటే, తల్లి అనుమతితో మీ పిల్లలతో పాటు తీసుకెళ్లండి. మీ సెలవుకు అంతకంటే బరకత్ లేదు.

ఇవన్నీ అయ్యాక చేతులెత్తండి. సవారీ దుఆ సూరె జుఖ్రుఫ్ 13, 14 ఆయతుల్లో ఉంది. నావ ఎక్కేటప్పటి దుఆ సూరె హూద్ 41వ ఆయతులో ఉంది. పిల్లలకు నెల రోజుల ముందే కంఠస్థం చేయించండి. ఒంటెను కట్టాక చేసే దుఆలో మనసు ఎలా నిలుస్తుందో మీరే చూస్తారు.

నమాజు సంగతి

సాగర్ వెళ్తే ఖసర్ చేయాలా అని చాలామంది అడుగుతుంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం, సుమారు 78 కిలోమీటర్ల దూరం వెళ్లే ఉద్దేశంతో ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్ అవుతాడు. మాచర్ల నుండి విజయపురి సౌత్ పాతిక కిలోమీటర్ల దరిదాపు. కాబట్టి మాచర్ల వారు అక్కడ నమాజు పూర్తిగా చేయాలి. గురజాల వారికి కూడా 78 కిలోమీటర్లు నిండవు. వారూ పూర్తిగానే చేయాలి. నరసరావుపేట నుండి వచ్చేవారికి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. వారు జుహర్, అసర్, ఇషాల ఫర్జ్ రెండేసి రకాతులు చేస్తారు. ఫజర్, మగ్రిబ్, విత్ర్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాం వెనుక నిలబడితే అందరూ పూర్తిగానే చేయాలి. ఇతర ఇమాముల అభిప్రాయాల్లో కొంత తేడా ఉంది. మీరు అనుసరించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. దీని గురించి రేవులో వాదులాడుకోవద్దు.

లాంచీ ప్రయాణం గంటకు మించదు కనుక, ఎక్కే ముందో దిగాకో నేల మీద ప్రశాంతంగా నమాజు చేసుకునేలా సమయం చూసుకోండి. తప్పనిసరై లాంచీలోనే వేళ దాటిపోయేలా ఉంటే, ఖిబ్లా వైపు తిరిగి, నిలబడగలిగితే నిలబడి, తల తిరుగుతుంటే కూర్చుని చేయవచ్చు. లాంచీ మలుపు తిరిగితే మీరూ ఖిబ్లా వైపుకు తిరగాలి.

కొండ మీద ఏం చూడాలి?

లాంచీ దిగాక మనం నడిచేది నిజానికి ఒక కొండ శిఖరం మీద. దాని చుట్టూ ఉన్న లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మూడు, నాలుగు శతాబ్దాల నాటి విహారాలు, స్తూపాలు, స్నానఘట్టాలు అక్కడ బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు విస్తారంగా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను కొండ మీద, మరికొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

అవి ఇతర ధర్మీయుల పవిత్ర చిహ్నాలు. రాళ్ల మీద పేర్లు చెక్కడం, విగ్రహాల ముందు వెకిలిగా ఫొటోలు దిగడం, అవహేళన చేయడం ముస్లింకు తగదు. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని ఖుర్ఆన్ ఆజ్ఞ స్పష్టంగా ఉంది (అల్ అన్ఆమ్: 108). పిల్లలకు రెండే సంగతులు చెప్పండి. మొదటిది: రాజులు ఏలిన నగరం ఇప్పుడు మన లాంచీ కింద నీళ్లల్లో ఉంది, మన మేడలూ శాశ్వతం కావు. రెండవది: ఈ నీళ్ల కోసం ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిన కుటుంబాలు ఉన్నాయి. కుడి కాలువ నీటితో పండిన బియ్యం తింటున్న మనం, అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పేటప్పుడు వారినీ తలచుకోవాలి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాలేడన్నది హదీసు బోధ (తిర్మిజీ).

తిన్న డబ్బాలు, ప్లాస్టిక్ సంచులు నీళ్లల్లో వేయకండి. తిరుగు లాంచీ సమయానికి పావుగంట ముందే రేవుకు చేరండి. ఆఖరి లాంచీకి తొక్కిసలాడి ఎక్కడంలోనే జాగ్రత్తలన్నీ గాలికి పోతాయి. దారిలో ఎత్తిపోతల చూస్తే దూరం నుండే చూడండి, నీళ్లల్లోకి దిగవద్దు.

తిరిగి వచ్చాక

దైవప్రవక్త (స) ప్రయాణం నుండి తిరిగి వచ్చినప్పుడు ముందు మస్జిద్‌కు వెళ్లి రెండు రకాతులు చదివేవారు (బుఖారీ). మనం వెళ్లేటప్పుడు భయంతో చేసిన దుఆ, వచ్చాక మరిచిపోతాము. నావలో ఉన్నప్పుడు అల్లాహ్‌నే చిత్తశుద్ధితో వేడుకుని, ఒడ్డు చేరగానే మరిచిపోయే మనుషుల గురించి ఖుర్ఆన్‌లో ఉంది (అల్ అన్‌కబూత్: 65). మనం వారిలో చేరకూడదు.

నానీ ఇప్పుడు లేదు. అల్లాహ్ ఆమెను మన్నించుగాక! ఆ మనవడు చదువుకుంటున్నాడు. కిందటేడు ఆ పిల్లలందరితో కలిసి సాగర్ వెళ్లాము. లాంచీ స్టేషన్‌లో అందరికీ జాకెట్లు ఉన్నాయి. అయినా ఆ కుర్రవాడు ఒక్కొక్కరి పట్టీ లాగి చూస్తూ వచ్చి, చివరకు మా దగ్గర ఆగి మా పట్టీ కూడా బిగించాడు. "ఇప్పుడు దుఆ చదవండి హజ్రత్" అన్నాడు.

ఓ అల్లాహ్! మా ఇంటివారిని నీ అమానత్‌గా చూసుకునే బుద్ధిని మాకు ప్రసాదించు. మా నిర్లక్ష్యాన్ని నీ విధి మీదకు నెట్టే పాపం నుండి మమ్మల్ని కాపాడు. నీటిలో ప్రాణాలు కోల్పోయిన వారి కుటుంబాలకు ఓర్పును ఇవ్వు. నేల మీదా నీటి మీదా మా ప్రయాణాలను క్షేమంగా ముగించు. ఆమీన్.